టైగర్‌కో మెడపట్టీ

పొద్దున ఆరున్నరకే ప్రొద్దుటూరులో కారం దోసెల బండ్ల మీద పెనాలు వేడెక్కుతాయి. ఎర్రకారం, పైన పప్పులపొడి, అంచుల వెంబడి నెయ్యి... ఆ వాసనకు పనిమీద పోయే మనుషులే ఆగిపోతారు. ఐదు నెలల లాబ్రడార్ పిల్లను ఆపడం ఎవరి తరం?

ఆ రోజు టీచరమ్మ వల్ల కాలేదు. తాడు జారిపోతుందేమోనన్న భయంతో ఆవిడ దాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నారు. అదే కొంప ముంచింది. టైగర్ బండివైపు ఉరికింది. తాడు వెంట చెయ్యి, చేతి వెంట ఆవిడ. నలుగురూ లేపి అరుగు మీద కూర్చోబెట్టేసరికి ఎడమ మణికట్టు వంకాయలా ఉబ్బిపోయింది. టైగర్ మాత్రం బండి కింద పడి ఉన్న దోసె ముక్క ఒకటి మింగేసి, తోక ఊపుకుంటూ వచ్చి ఆవిడ మొహం నాకింది. గట్టిగా లాగితే దోసె దొరుకుతుందన్న పాఠం దానికి ఆ ఒక్క పూటలో వంటబట్టింది.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరైన ఆవిడకు కుక్కను పెంచాలన్న సరదా ఏనాడూ లేదు. బెంగళూరులో ఉండే కొడుకు ముచ్చటపడి కొన్నాడు. కొన్న రెండు నెలలకే కంపెనీ పనిమీద ఏడాదిపాటు విదేశం వెళ్లాల్సి వచ్చింది. "సంవత్సరమే కదమ్మా" అని తెచ్చి తల్లి దగ్గర వదిలాడు. టైగర్ అన్న పేరు పదేళ్ల మనవడు పెట్టింది. రాత్రి ఫోన్ చేస్తే వాడి మొదటి మాట "తిన్నావా అవ్వా" అని కాదు, "టైగర్ తినిందా" అని. ఆవిడ కోపం నటించేవారు. భర్త పోయి రెండేళ్లయిన ఆ ఇంట్లో, ఆయన పడక్కుర్చీ కింద ఆ పిల్ల పడుకోవడం మొదలుపెట్టాక, రాత్రిళ్లు టీవీ కట్టేసినా భయం వేయడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఎముక చిట్లిందన్నారు. ఆరు వారాలు కట్టు. ఇంటిల్లిపాదీ ఫోన్లలోనే పంచాయతీ పెట్టి ఒక మాట తేల్చారు... కుక్క నడక నేర్వాలి, లేదంటే ఇల్లు వదలాలి.

మొదట సాయానికొచ్చింది పక్కింటి కుర్రాడు. ఎద్దుల మెడగంటలు, మేకల తాళ్లు అమ్మే అంగడికి పోయి, ఒక ఇనుప గొలుసు కొనుక్కొచ్చాడు. రెండు చివర్లా రెండు రింగులు. ఒక రింగులోంచి గొలుసును దూర్చితే ఉచ్చు తయారవుతుంది. కుక్క లాగితే బిగుస్తుంది, ఆగితే వదులవుతుంది. చోక్ చైన్ అంటారు. చెప్పడానికి బాగానే ఉంది. కానీ అది వదులవ్వాలంటే మెడకు వేసే తీరొకటుంది. కుక్క మనకు ఎడమవైపు నడిచేదైతే ఒక రకంగా, కుడివైపు నడిచేదైతే ఇంకో రకంగా వేయాలి. తిరగేసి వేస్తే ఒకసారి బిగిసిన గొలుసు బిగిసినట్టే ఉంటుంది. అంగట్లో ఆ మాట ఎవరూ చెప్పలేదు, కుర్రాడికీ తెలియదు. వీధి చివరికి పోయేలోపు టైగర్ నాలుగుసార్లు దగ్గింది. అయినా లాగడం మానలేదు. దగ్గుకుంటూ లాగింది, అంతే!

కట్టు ఉన్నన్నాళ్లూ చెల్లెలి దగ్గర ఉందామని ఆవిడ జమ్మలమడుగు వెళ్లారు. టైగర్‌నూ కారులో వేసుకున్నారు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఉన్నట్టే చెల్లెలి ఇంట్లోనూ నేలంతా నాపరాళ్లే. నున్నటి నల్లరాతి మీద నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతుంటే, ఆ పిల్ల లాగడం చూసి నవ్వనివాళ్లు లేరు. మరిదికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. నెట్‌లో వెతికి, ఖరీదైనదే తెప్పించారు. లోపలివైపు మొద్దుగా ఉన్న ఇనుప పళ్లు వరసగా తిరిగి ఉన్న పట్టీ... ప్రాంగ్ కాలర్. లాగిన క్షణంలో ఆ పళ్లు మెడ చుట్టూ గుచ్చుకుంటాయి.

"కుక్క చర్మం మందం వదినా, దానికేం కాదు" అన్నారాయన.

టీచరమ్మ దాన్ని బాగున్న చేతికి, మోచేతి కింద చుట్టుకుని చెల్లెల్ని లాగమన్నారు. పెద్దగా నొప్పేం లేదు. కానీ తీశాక చూస్తే ఎవరో కొరికినట్టు చుక్కల వరస. అది పోవడానికి కాఫీ తాగినంత సేపు పట్టింది.

ఒక నిజం చెప్పుకోవాలి. అది పనిచేసింది. మొదటిరోజు, రెండోరోజు టైగర్ బుద్ధిగా నడిచింది. మరిది మొహం వెలిగిపోయింది. మూడోరోజు సాయంత్రం చెల్లెలి మనవడు, నాలుగేళ్ల వాడు, చేతిలో బిస్కెట్‌తో ఎదురు పరుగెత్తుకొచ్చాడు. టైగర్‌కు వాడంటే ప్రాణం. వాణ్ణి చూస్తే తోకొక్కటే కాదు, నడుము నుంచి వెనకంతా ఊగేది. ఆ సంబరంలో ముందుకు ఎగిరింది. పళ్లు దిగాయి. కుయ్యిమని అరిచి వెనక్కి పడింది. మర్నాడు పిల్లాడు గేటు తీయగానే మంచం కిందికి దూరి, సన్నగా గుర్రుమంది.

ఆ ఇంట్లో అది గుర్రుమనడం అదే మొదలు. టీచరమ్మ అప్పుడే ఆ పట్టీ విప్పి సంచిలో పడేశారు. మరిది నొచ్చుకున్నారు. "రెండు రోజులు బాగానే నడిచింది కద వదినా" అన్నారు. నడిచిన మాట నిజమే. కానీ నొప్పి ఎందుకు పుట్టిందో కుక్కకు చెప్పిందెవరు? తాను లాగినందుకు కలిగిందని మనం అనుకుంటాం. అది మాత్రం ఆ క్షణంలో తన కళ్ల ముందున్నదెవరో గుర్తుపెట్టుకుంది.

కట్టు విప్పాక ప్రొద్దుటూరు చేరి, టీకా వేయించాల్సిన రోజున కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరమ్మ ఒకప్పుడు ఆవిడ దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్లే. 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వచ్చాక ఈ ప్రాంతపు పిల్లలకు ఆ చదువు ఇంటి ముంగిటికే వచ్చింది. అలా చదువుకున్నవాళ్లలో ఆ అమ్మాయి ఒకరు. కుక్క మెడలో తిరగేసి ఉన్న గొలుసును చూసి ముందు దాన్ని తీసేసింది. సంచిలోంచి రెండోది తీసి చూపిస్తే నవ్వింది.

"మీరు సంధులు చెప్పేటప్పుడు మాకెవరికైనా తప్పు వస్తే ఏం చేసేవారు టీచర్?"

"ఏం చేసేదాన్ని? మళ్లీ రాయించేదాన్ని."

"ఇదీ అంతే."

తర్వాత ఓపిగ్గా చెప్పింది. మెడంటే గాలిగొట్టం, రక్తనాళాలు, థైరాయిడ్ గ్రంథి అన్నీ ఇరుక్కుని ఉన్న చోటు. పిల్లకుక్కలో అవన్నీ ఇంకా లేతగా ఉంటాయి. మెడపట్టీతో లాగే కుక్కల కళ్ల లోపలి ఒత్తిడి పెరుగుతోందనీ, ఒంటికి తొడిగే పట్టీతో లాగితే అలా పెరగడం లేదనీ 2006లో అమెరికాలో పరీక్షించి చూశారు. 2020లో బ్రిటన్ పరిశోధకులు కుక్క మెడ లాంటి నమూనా ఒకటి చేసి, దానికి రకరకాల పట్టీలు బిగించి లాగారు. వెడల్పైనదీ, మెత్తదీ అని పేరున్నవి కూడా గట్టి గుంజుకు మెడకు క్షేమం కాదని తేలింది. గుంజి నేర్పించే పద్ధతి పోలీసు కుక్కల నుంచి, సైన్యం నుంచి వచ్చింది. జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో రాసిన పుస్తకం ఆ బాటలో పేరుమోసింది. 1962లో అమెరికాలో విలియం కోలర్ పుస్తకం వచ్చాక చోక్ చైన్ ఇళ్లలోకీ బాగా చొరబడింది. అక్కడ పట్టుకునేది తర్ఫీదున్న చేతులు. ఇక్కడ పట్టుకునేది ఎముక అతికి వారం కూడా కాని చెయ్యి.

కరెంటు షాకు కొట్టే పట్టీలూ అమ్ముతున్నారనీ, వేల్స్ దేశం 2010లోనే వాటిని నిషేధించిందనీ డాక్టరమ్మ చెప్పింది. టీచరమ్మకు ఆ సంగతి వినడమే ఒళ్లు జలదరించింది. వాటి ఊసు అక్కడితో ముగిసింది.

"మరి దేంతో పట్టుకోవాలి తల్లీ?"

ఒంటికి తొడిగే హార్నెస్ కొనమంది. అయితే అందులోనూ ఒక మెలిక ఉంది. తాడు తగిలించే రింగు వీపు మీద ఉంటే కుక్క ఇంకా బాగా లాగుతుంది. మంచుదేశాల్లో బండ్లు లాగించే కుక్కలకు కట్టేవి ఒంటిపట్టీలే కదా. ఎద్దు మెడకు ఉరితాడు వేస్తే బండి కదలదు, మూపు మీద కాడి పెడితే టన్ను బరువైనా లాగుతుంది... ఇదీ అదే లెక్క. అందుకే రింగు ముందు, రొమ్ము మీద ఉండాలి. అప్పుడు కుక్క ముందుకు లాగినకొద్దీ దాని ఒళ్లే పక్కకు తిరిగి, మనవైపు మొహం పెడుతుంది. బలం తగ్గుతుంది, మెడకు ఏమీ కాదు.

మూతికి తొడిగే రకం ఒకటుంది. దానికి అలవాటు చేయడానికే రోజులు పడుతుంది, ఒక్కసారి ఎగిరిందంటే మెడ మెలిపడుతుంది. కొంచెం మాత్రమే బిగిసి ఆగిపోయే మార్టింగేల్ పట్టీ ఇంకొకటి. మెడకన్నా తల సన్నగా ఉండి, మామూలు పట్టీలోంచి తల లాగేసుకునే వేటకుక్కలకు అది నప్పుతుంది. లాబ్రడార్ తలకు ఆ అవసరం లేదు. పేరు, ఫోన్ నంబరు ఉన్న బిళ్ల తగిలించడానికి మెడలో మామూలు గుడ్డపట్టీ చాలు, దానికీ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఎదిగే పిల్ల కాబట్టి వారానికోసారి చూసుకోవాలి.

"ఏది కొన్నా ఒకటే మాట టీచర్. పట్టీ నేర్పదు. మీరు నేర్పేదాకా మీ చెయ్యి విరక్కుండా చూస్తుంది, అంతే. తాడు బిగిస్తే నిలబడండి. వదులైతే నడవండి."

టీచరమ్మ తలూపారు గానీ నమ్మలేదు. ఇనుముకు లొంగనిది గుడ్డబెల్టుకు లొంగుతుందా? దర్జీ టేపుతో రొమ్ము కొలత తీసుకుని ఆర్డరైతే పెట్టించారు. రావడానికి వారం పైనే పడుతుందన్నారు.

ఈలోపు పులివెందుల నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, ఈ వయసులో నీకెందుకు ఈ యాతన? నా చీనీ తోటకు తోలు. పేరుకు తగ్గ ఊరు కూడాను!" పూర్వం పులులు తిరిగిన చోటు కాబట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చెయ్యి ఇంకా సలుపుతోంది. కొడుకు కూడా "మామ దగ్గరైతే హాయిగా తిరుగుతుందిలేమ్మా" అన్నాడు. మనవడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చూసి వద్దామని ఆవిడ టైగర్‌ను ఎక్కించుకుని జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా బయల్దేరారు. సంచిలో దాని గిన్నె, పడుకునే గోనెపట్టా కూడా పెట్టుకున్నారంటే... చూసి రావడానికేనా అన్నది ఆవిడకే తెలియాలి.

తోట పచ్చగా ఉంది. చీనీచెట్ల నీడ, బోరు నీళ్లు, మనుషుల సందడి. గేటు దగ్గర వేపచెట్టుకు ఇంకో కుక్క ఉంది. నల్లది, ఊరకుక్క. ఎద్దును కట్టేంత లావు గొలుసు. గొలుసు పొడవెంతో నేలే చెబుతోంది... చెట్టు చుట్టూ గడ్డి మొలవని గుండ్రటి జాడ. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడి చర్మం బిరుసెక్కింది. కుక్క అరవలేదు, లేవనూ లేదు. జాడ అంచు దాకా వచ్చిన టైగర్‌ను చూసి ఒకసారి తోక నేలకు కొట్టింది.

జంతువును మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. తమ్ముడికి ఆ సంగతి తెలియదు. తెలియనివాళ్లే ఎక్కువ. అతను కుక్కకు కడుపు నిండా పెడతాడు, జబ్బు చేస్తే మందేయిస్తాడు. "ఇప్పితే కోళ్ల మీద పడతాదక్కా, ఏం జేయమంటావ్?" అన్నాడు. చెడ్డవాడేం కాదు.

సాయంత్రం చల్లబడ్డాక అతను కోడెదూడను బయటికి తీశాడు. ట్రాక్టర్లు వచ్చాక సేద్యానికి ఎద్దులు తగ్గిపోయినా, బండలాగుడు పోటీల మోజు ఆ ప్రాంతంలో తగ్గలేదు. ఆ దూడను కాడికి అలవాటు చేస్తున్నాడు. తాడు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. దూడ పొదవైపు గుంజింది. తమ్ముడు మడమలు నేలకు తన్నిపెట్టి ఆగిపోయాడు. తిట్టలేదు, కొట్టలేదు, ఎదురు గుంజలేదు. దూడ కాసేపు పెనుగులాడి, తల ఇటు తిప్పింది. తాడు వదులైంది. మరుక్షణం అతను నడిచాడు. పది అడుగులు. మళ్లీ గుంజింది. మళ్లీ ఆగాడు.

ఆవిడ గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. "అంతసేపు నిలబడకపోతే నాలుగు తగిలించి లాక్కుపోవచ్చు కదరా?"

"అది లాగినప్పుడల్లా నేను దాని ఎనక పోతే, నేను దాన్ని తోల్తాండానా, అది నన్ను తోల్తాందా?" అన్నాడు దూడ మీంచి చూపు తిప్పకుండానే. "లాగితే పని కాదని దానికే ఎరుక పడల్ల."

ఆవిడకు నవ్వాగలేదు. "దూడకు ఇంత శాస్త్రం తెలిసినోడివి, కుక్కకు గొలుసేందిరా?"

తమ్ముడు తెల్లబోయి చూశాడు. కుక్కనూ దూడనూ ఒకచోట పెట్టి ఎన్నడూ ఆలోచించలేదు మరి!

మర్నాడు పొద్దున్నే గిన్నె, గోనెపట్టా, టైగర్, ఆవిడ... అందరూ ప్రొద్దుటూరు తిరిగొచ్చేశారు.

హార్నెస్ వచ్చాక అసలు పని మొదలైంది. ఆరడుగుల తాడు, చొక్కా జేబు లేని బాధకు నడుముకు కట్టుకున్న చిన్న సంచి, అందులో ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు. తాడును మణికట్టుకు చుట్టుకోవడం మాత్రం మళ్లీ చేయలేదు, అరచేతిలో మడిచి పట్టుకునేవారు. మొదటిరోజు నాలుగిళ్లు దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తాడు బిగిస్తే ఆవిడ ఆగిపోయేవారు, వదులైతే నడిచేవారు. పక్కన మోకాలికి సమంగా నడిచినప్పుడు ఒక ముక్క. "టీచరమ్మ కరెంటు స్తంభం మాదిరి నిలబడిపోతాంది, ఒంట్లో బాగుందా?" అని వీధిలో ఒకరిద్దరు కంగారు పడ్డారు కూడా.

నాలుగోరోజు టైగర్ ఇంకా ఎక్కువ లాగింది. ఆవిడ దిగులుగా డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, అలాగే ఉంటుందన్నదామె. రోజూ తెరిచే అంగడి ఒకరోజు మూసి ఉంటే తిరిగిపోయేముందు తలుపు ఇంకా గట్టిగా కొడతారు కదా! ఆ గండం గడిచిందనుకునేలోపు ఇంకొకటి. పక్కింటి కుర్రాడు సాయంత్రాలు తాను తిప్పుతానని తీసుకెళ్లి, అది లాగినంత దూరం దాంతో పరుగెత్తి వస్తున్నాడు. వాడి దగ్గర లాగితే పని అవుతుంది, ఆవిడ దగ్గర కాదు. మట్కా ఆడేవాడికి ఎప్పుడో ఒక నంబరు తగిలినట్టే ఇదీ. ఆ ఒక్క గెలుపు కోసం నెలంతా ఆడతాడు. కుర్రాణ్ణి కూర్చోబెట్టి, వాడిచేత కూడా స్తంభంలా నిలబడటం నేర్పించారు. కుక్కకన్నా వాడికి నేర్పడానికే ఎక్కువ రోజులు పట్టిందని ఆవిడ ఫిర్యాదు.

ఎండలు ముదిరాక నడక వేళ మారింది. కడప జిల్లా ఎండలో తారురోడ్డు మీద మన అరచెయ్యి కాసేపు ఆనించలేకపోతే కుక్క పాదమూ ఆనలేదు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే వీధులు ఖాళీగా ఉంటాయి. చుట్టూ వాసన చూసుకోవడానికి దానికో మూల వదిలేస్తారు. ఆ మూల దాకా తాడు వదులుగా వస్తేనే ఆ భోగం. గుడ్డుముక్కకన్నా దానికి అదే ఇష్టమని తెలియడానికి ఆవిడకు నెల పట్టింది.

రెండున్నర నెలలకు మళ్లీ కారం దోసెల బండి ముందుకు వెళ్లారు. కావాలనే వెళ్లారు. టైగర్ ముక్కు పైకెత్తింది. తాడు బిగిసింది. ఆవిడ నిలబడ్డారు. పెనం మీద దోసె చుర్రుమంటోంది. ఒక నిమిషం గడిచింది. బండాయన గరిటె పట్టుకుని అలాగే చూస్తున్నాడు. అప్పుడు టైగర్ తల తిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. తాడు నేలకు వేలాడింది. ఇద్దరూ బండి దాటి నడిచిపోయారు. ప్రతిరోజూ ఇలాగే జరుగుతుందని కాదు. పిల్లి కనబడితే ఇప్పటికీ కథ మామూలే.

ఇనుప గొలుసు ఇప్పుడు వెనక గేటుకు తాళం వేయడానికి పనికొస్తోంది. మరిది తెప్పించింది బీరువాలో ఉంది, ఆయన వచ్చినప్పుడు ఇవ్వాలి. జమ్మలమడుగు పిల్లాడు సెలవుల్లో వచ్చి నాలుగు రోజులున్నాడు. మొదటి రెండు రోజులు టైగర్ వాడికి దూరంగానే తిరిగింది. మూడోరోజు మధ్యాహ్నం వాడు పడక్కుర్చీ కింద నిద్రపోతే, వెళ్లి వాడి కాళ్ల దగ్గర పడుకుంది.

మొన్న పులివెందుల నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఆ బెల్టు యాడ తెప్పిచ్చినావు? మా నల్లదానికీ ఒకటి తెప్పియ్యి. పొద్దున పూట తోట చుట్టూ తిప్పుకొస్తా. మెడ కొలత తీసి పెట్టినా, రాసుకో."

"మెడది కాదురా, రొమ్ము చుట్టుకొలత తీయ్. ముందుకాళ్ల ఎనక నుంచి" అన్నారావిడ, కాగితం, పెన్ను వెతుక్కుంటూ.